కొత్త ఉప్పునీటి ఆక్వేరియంలో చేపల మరణాలు: సబ్బవరం నేపథ్యంలో కారణ నిర్ధారణ

వ్యాససంగ్రహం

కొత్తగా నెలకొల్పిన ఉప్పునీటి ఆక్వేరియంలో తొలి వారాలలోనే చేపలు చనిపోవడం తరచుగా ఎదురయ్యే సమస్య. దీనిని వెంటనే వ్యాధిగా భావించి మందులు వాడటం వల్ల నష్టం పెరిగే సందర్భాలే ఎక్కువ. చేప ఎన్నో రోజున, ఏ వేళ, ఏ వరుసలో చనిపోయిందన్న సమాచారమే కారణ నిర్ధారణకు మొదటి ఆధారమని, నీటి పరీక్ష రెండవ ఆధారమని, మందు చివరి మెట్టు మాత్రమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సముద్రానికి ఎడంగా ఉన్న సబ్బవరం వంటి ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని నీటి సేకరణ, నత్రీకరణ, ప్రాణవాయువు, పరాన్నజీవులు అనే అంశాలను వివరిస్తుంది.

కీలకపదాలు: ఉప్పునీటి ఆక్వేరియం, అమ్మోనియా, నత్రీకరణ, లవణీయత, సబ్బవరం, విశాఖపట్నం.

1. ప్రవేశిక

విశాఖపట్నానికి సముద్రపు చేపల శాస్త్రంతో రెండు శతాబ్దాలకు పైబడిన అనుబంధం ఉంది. ఈస్టిండియా కంపెనీ కాలంలో ఇక్కడ నివసించిన వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ ఈ తీరంలో సేకరించిన 200 చేపల వర్ణనలను, చిత్రాలను 1803లో లండన్‌లో ప్రచురించాడు. స్థానికులు వాడే పేర్లను కూడా రోమన్ లిపిలో నమోదు చేశాడు. ఆయన ‘మూకలీ పార’ అని రాసుకున్న పేరు ట్రాకినోటస్ మూకలీ అనే శాస్త్రీయ నామంలో నేటికీ నిలిచి ఉంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ విశాఖపట్నం ప్రాంతీయ కేంద్రం కృత్రిమ పద్ధతిలో పిల్లలను ఉత్పత్తి చేసిన చేపలలో ఈ పార కూడా ఒకటి.

రస్సెల్ పరిశీలించినవి వలలో పడి ఒడ్డుకు చేరిన చేపలు. చేపను సముద్రం వెలుపల ప్రాణంతో నిలిపే ప్రయత్నాలు 19వ శతాబ్ది మధ్యలో ఊపందుకున్నాయి. లండన్ జంతు ప్రదర్శనశాలలో 1853లో ఆక్వేరియం ప్రారంభమైంది. మద్రాసు మెరీనా తీరంలో 1909లో మరొకటి వెలిసింది. విశాఖపట్నం రామకృష్ణా బీచ్ ప్రాంతంలోని మత్స్యదర్శిని ఈ పరంపరకు చెందినదే.

తొలితరం ఆక్వేరియం నిర్మాతలు మొక్కలు ప్రాణవాయువును ఇస్తాయి, జంతువులు దానిని తీసుకొంటాయి, కాబట్టి రెండింటినీ సమతూకంలో ఉంచితే చాలునని భావించారు. చేప విసర్జించే నత్రజని ఏమవుతుందన్న ప్రశ్నకు వారి వద్ద సమాధానం లేదు. నేలలో, నీటిలో అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియాను సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో వేరుచేసి చూపిన తర్వాతనే ఆ ప్రశ్నకు శాస్త్రీయ సమాధానం లభించింది. నేడు కొత్త తొట్టెలో చేపలు చనిపోవడానికి ప్రధాన హేతువు కూడా ఆనాటి సమతూకంలో లెక్కకు రాని ఈ నత్రజనియే.

2. సబ్బవరంలో నీటి సమస్య

సబ్బవరం 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్న మండల కేంద్రం. విశాఖ నగర ప్రభావ పరిధిలోనే ఉన్నా సముద్రతీరంలో లేదు. ఇక్కడి ఇంట్లోనో, కళాశాల ప్రయోగశాలలోనో ఉప్పునీటి తొట్టెను ఏర్పాటు చేయాలంటే సముద్రపు నీటిని మోసుకురావాలి, లేదా బోరునీటిలో కృత్రిమ సముద్ర లవణాన్ని కలపాలి. ఈ రెండు మార్గాలలోనూ పొరపాటుకు తావుంది.

సముద్రపు నీటిని తెచ్చుకొనేవారు సేకరించే చోటును, కాలాన్ని గమనించాలి. విశాఖ లోపలి హార్బరు ఇరుకైన కాలువ ద్వారా సముద్రంతో కలిసే జలభాగం. నగరపు మురుగు, పారిశ్రామిక వ్యర్థాలు చేరడం వల్ల అక్కడ పోషక లవణాలు పెరిగిపోయిన స్థితిని సముద్రజీవ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా నమోదు చేశారు. అటువంటి నీరు తొట్టెకు తగదు. బహిరంగ తీరంలో కూడా నీరు ఏడాది పొడవునా ఒకే తీరున ఉండదు. అక్టోబరు, నవంబరు నెలలలో నదుల నుంచి బంగాళాఖాతంలో చేరిన మంచినీరు తీరం వెంబడి దక్షిణంగా సాగడం వల్ల ఉపరితల లవణీయత బాగా తగ్గుతుంది. వేసవి ఆరంభంలో లోతునీరు పైకి ఉబకడం వల్ల తిరిగి పెరుగుతుంది. 1950ల దశకంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఈ ఉబుకు ప్రక్రియను వివరించాడు. కాబట్టి ఏప్రిల్‌లో తెచ్చిన నీటితో నింపిన తొట్టెలో అక్టోబరులో తెచ్చిన నీటిని కొలవకుండా కలిపితే చేపకు రెండు వేర్వేరు సముద్రాలు ఒకేసారి ఎదురైనట్టే.

కృత్రిమ లవణం విషయంలో తరచుగా జరిగే పొరపాటు వంట ఉప్పును వాడటం. సముద్రపు నీటిలో కరిగి ఉన్న లవణ పదార్థంలో బరువును బట్టి క్లోరైడ్ సుమారు 55 శాతం, సోడియం 31 శాతం, సల్ఫేట్ 8 శాతం, మెగ్నీషియం 4 శాతం ఉంటాయి. కాల్షియం, పొటాషియం ఒక్కొక్కటి 1 శాతానికి కొద్దిగా మించి ఉంటాయి. నౌపడ వంటి చోట్ల ఉప్పుమళ్ళలో గడ్డకట్టేది ప్రధానంగా సోడియం క్లోరైడ్ మాత్రమే. మెగ్నీషియంలో ఎక్కువ భాగం మిగిలిన చేదునీటిలోనే ఉండిపోతుంది. అందువల్ల కల్లుప్పును ఎంత కొలతగా కరిగించినా అది ఉప్పునీరవుతుంది కాని సముద్రపు నీరు కాదు.

బోరునీటిలోని నైట్రేట్, కాఠిన్యం ప్రతి బోరుకూ మారుతాయి. పరీక్షించకుండా వాడరాదు. కుళాయి నీటిలో బ్లీచింగ్ పౌడర్ వల్ల మిగిలిన క్లోరిన్ చేప మొప్పలను నేరుగా దెబ్బతీస్తుంది. నీటిని ఒక రోజు గాలి ఆడేలా ఉంచినా, తగిన మోతాదులో సోడియం థయోసల్ఫేట్ కలిపినా క్లోరిన్ తొలగుతుంది. అవకాశం ఉన్నచోట ఆర్.ఓ. నీటిలో ఆక్వేరియం లవణాన్ని కలపడం మేలు.

3. కనిపించని విషం: అమ్మోనియా

చేప తిన్న మాంసకృత్తులలోని నత్రజనిని ప్రధానంగా మొప్పల ద్వారా అమ్మోనియాగా విసర్జిస్తుంది. నీటిలో ఇది రెండు రూపాలలో ఉంటుంది: విద్యుదావేశం గల అమ్మోనియం అయాను, ఆవేశం లేని అమ్మోనియా. రెండవది మొప్పల పొరను సులభంగా దాటి శరీరంలోకి చేరుతుంది కనుక అదే ఎక్కువ విషపూరితం. ఈ రెండింటి నిష్పత్తిని ప్రధానంగా పి.హెచ్., ఉష్ణోగ్రతలు నిర్ణయిస్తాయి. నీరు 28 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్నప్పుడు, పి.హెచ్. 7 గల మంచినీటిలో మొత్తం అమ్మోనియాలో 1 శాతానికి లోపే విషరూపంలో ఉంటుంది. పి.హెచ్. 8.2 గల సముద్రపు నీటిలో అది సుమారు 7 శాతం. అంటే మంచినీటి తొట్టెలో చేప తట్టుకోగలిగిన అమ్మోనియా మోతాదు ఉప్పునీటిలో దాదాపు పది రెట్లు ప్రమాదకరమవుతుంది. మంచినీటి చేపలను విజయవంతంగా పెంచినవారు కూడా ఉప్పునీటి తొట్టెలో విఫలం కావడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఒక చిన్న లెక్క దీనిని స్పష్టం చేస్తుంది. 100 లీటర్ల తొట్టెలో 40 శాతం మాంసకృత్తులు గల మేతను ఒక గ్రాము వేశారనుకొందాం. మాంసకృత్తులలో 16 శాతం నత్రజని కనుక ఆ మేతలో 64 మిల్లీగ్రాముల నత్రజని ఉంటుంది. అందులో సగం అమ్మోనియాగా నీటిలో చేరితే లీటరుకు 0.32 మిల్లీగ్రాములు. దానిలో 7 శాతం, అంటే సుమారు 0.022 మిల్లీగ్రాములు, విషరూపం. సున్నితమైన చేపలకు లీటరుకు 0.02 మిల్లీగ్రాములను హద్దుగా పాటించడం వాడుక. ఒక్క గ్రాము మేతతోనే ఆ హద్దు దాటుతుంది. రెండవ రోజు మేతతో అది రెట్టింపవుతుంది. నీరు మాత్రం అద్దంలా తేటగానే కనిపిస్తుంది.

పాత తొట్టెలో ఈ అమ్మోనియా పేరుకోదు. రాళ్ళు, ఇసుక, వడపోత స్పాంజి ఉపరితలాలపై పెరిగిన బాక్టీరియా, తదితర సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైట్‌గాను, ఆపై నైట్రేట్‌గాను మారుస్తాయి. ఈ నత్రీకరణ బాక్టీరియా నెమ్మదిగా పెరిగే జీవులు. అనుకూల పరిస్థితులలో పేగుల్లోని ఇ. కోలై సుమారు 20 నిమిషాలకు రెట్టింపయితే, వీటికి పలు గంటల నుంచి ఒక రోజు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. కనుక తొట్టె పక్వానికి రావడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు కావాలి. మొదట అమ్మోనియా పెరిగి తగ్గుతుంది. తరువాత నైట్రైట్ పెరిగి తగ్గుతుంది. చివరకు నైట్రేట్ మిగులుతుంది. సముద్రపు నీటిలో అధికంగా ఉండే క్లోరైడ్ మొప్పల వద్ద నైట్రైట్ ప్రవేశాన్ని అడ్డుకొంటుంది. అందువల్ల ఉప్పునీటి తొట్టెలో నైట్రైట్ కంటె అమ్మోనియానే ముందుగా అనుమానించాలి.

4. మరణ సమయమే తొలి సాక్ష్యం

చేప చనిపోయినప్పుడు యజమాని సాధారణంగా అడిగే ప్రశ్న “ఏ రోగం వచ్చింది?” అని. అంతకుముందు అడగవలసినది “ఎప్పుడు చనిపోయింది?” అన్న ప్రశ్న. కారణాలను కాలక్రమంలో ఇలా వర్గీకరించవచ్చు.

4.1 మొదటి 24 గంటలు: తొట్టెలో విడిచిన కొద్ది గంటలలోనే చేప చనిపోతే లవణీయత లేదా ఉష్ణోగ్రతలో ఆకస్మిక మార్పు, క్లోరిన్, రవాణా ఒత్తిడి అనుమానించదగినవి. సముద్రపు ఎముకచేపల రక్తంలోని లవణ సాంద్రత సముద్రపు నీటిలో సుమారు మూడవ వంతు. శరీరం నుంచి నిరంతరం బయటకు పోయే నీటిని భర్తీ చేయడానికి అవి సముద్రపు నీటిని తాగి, అదనపు లవణాన్ని మొప్పల ద్వారా విసర్జిస్తాయని హోమర్ స్మిత్ 1930లో నిరూపించాడు. లవణీయత హఠాత్తుగా మారితే ఈ యంత్రాంగం అంత వేగంగా సర్దుకోలేదు. రవాణా సంచిలో మరొక చిక్కు ఉంది. చేప విడిచిన బొగ్గుపులుసు వాయువు వల్ల సంచిలోని నీటి పి.హెచ్. తగ్గి, పోగైన అమ్మోనియా తక్కువ హానికర రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు వెలుపలికి పోయి పి.హెచ్. పెరిగి, అదే అమ్మోనియా విషంగా మారుతుంది. దూరం నుంచి వచ్చిన చేపలను విప్పిన సంచిలో గంటల తరబడి ఉంచి బొట్లు బొట్లుగా నీరు కలపడం ఈ కారణంగా హానికరం. సంచి నీటి లవణీయతను వెంటనే కొలిచి, అదే లవణీయత గల విడితొట్టెను ముందే సిద్ధం చేసి, ఉష్ణోగ్రత సమం కాగానే చేపను అందులోకి మార్చడం ఉత్తమం.

4.2 రెండవ రోజు నుంచి రెండవ వారం వరకు: మేత మాని, మొప్పలను వేగంగా ఆడిస్తూ, నీటి పైభాగానికి వచ్చి ఒకదాని తరువాత ఒకటి చనిపోతే అమ్మోనియాను మొదట పరీక్షించాలి. ఒక చేప మృతదేహం తొట్టెలో ఉండిపోతే అది కుళ్ళి మరింత అమ్మోనియాను విడుదల చేస్తుంది. మొదటి మరణం రెండవ మరణానికి కారణమవడం ఇలాగే జరుగుతుంది.

4.3 తెల్లవారేసరికి అన్నీ ఒకేసారి: ఇది ప్రాణవాయువు లోపానికి గుర్తు. 28 డిగ్రీల వద్ద మంచినీటిలో లీటరుకు సుమారు 7.8 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగితే, సముద్రపు నీటిలో 6.4 మిల్లీగ్రాములే కరుగుతుంది. వేసవిలో నీరు 32 డిగ్రీలకు చేరితే ఇది సుమారు 6కు తగ్గుతుంది. రాత్రివేళ నాచు కూడా ప్రాణవాయువును వాడుకొంటుంది. కరెంటు పోయి పంపు ఆగితే చేపలతోబాటు వడపోతలోని బాక్టీరియా కూడా ఊపిరాడక నశిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ సమీపంలో తీరం దాటిన తర్వాత ఈ ప్రాంతంలో రోజుల తరబడి విద్యుత్తు లేదు. అటువంటి అనుభవం గల ప్రాంతంలో బ్యాటరీతో నడిచే గాలిపంపును తొట్టెలో భాగంగానే భావించాలి.

4.4 మొదటి వారం చివర నుంచి: చర్మంపై ఉప్పురవ్వల వంటి తెల్లచుక్కలు కనిపిస్తే క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్, సన్నని పొడి చల్లినట్టు కనిపించి శ్వాస వేగం పెరిగితే అమైలూడినియం ఓసెల్లాటం అనే పరాన్నజీవులను అనుమానించాలి. రెండవది కొద్ది రోజులలోనే తొట్టె మొత్తాన్ని తుడిచిపెట్టగలదు. మొదటిది చేప శరీరంపై కొన్ని రోజులు ఉండి, రాలి, అడుగున కోశంగా మారి, మళ్ళీ నీటిలోకి పిల్లలను వదులుతుంది. చుక్కలు మాయమైనంత మాత్రాన రోగం తగ్గినట్టు కాదు. అమ్మోనియా పరీక్షలో సున్నా వచ్చి, ఈ లక్షణాలు కనిపించినప్పుడే వ్యాధి నిర్ధారణకు బలం చేకూరుతుంది.

4.5 వారాల వ్యవధిలో ఒక్కొక్కటిగా: చేపల మధ్య పోరు, మేత అందకపోవడం, నెమ్మదిగా పెరిగే లవణీయత దీనికి కారణాలు. ఆవిరయ్యేది నీరే కాని లవణం కాదు. 100 లీటర్లలో 5 లీటర్లు ఆవిరైతే లీటరుకు 35 గ్రాములున్న లవణం సుమారు 36.8 గ్రాములవుతుంది. ఆ లోటును మళ్ళీ ఉప్పునీటితో పూరిస్తే పెరిగిన లవణం అలాగే నిలిచిపోయి, ప్రతిసారీ మరికొంత చేరుతుంది. ఆవిరైన నీటిని మంచినీటితోనే పూరించాలి. కొన్ని దేశాలలో చేపలను పట్టడానికి వాడే సయనైడ్ వల్ల లోపల దెబ్బతిన్న చేపలు కూడా మొదట ఆరోగ్యంగా కనిపించి తరువాత చనిపోవచ్చు.

5. తనిఖీ క్రమం

మరణం సంభవించిన వెంటనే మృతచేపను తీసివేసి, సమయాన్ని, లక్షణాలను రాసిపెట్టాలి. తరువాత ఉష్ణోగ్రత, లవణీయత, పి.హెచ్., అమ్మోనియా, నైట్రైట్ విలువలను ఈ వరుసలో కొలవాలి. లవణీయతకు రిఫ్రాక్టోమీటర్‌ను వాడటం మేలు. దానిని ముందుగా సరిచూసుకోవాలి. పరీక్షా కిట్లు సాధారణంగా మొత్తం అమ్మోనియానే చూపుతాయి. విషరూప భాగాన్ని పి.హెచ్., ఉష్ణోగ్రతలను బట్టి లెక్కించాలి.

అమ్మోనియా కనిపిస్తే మేత ఆపి, గాలి సరఫరా పెంచి, అదే లవణీయత, అదే ఉష్ణోగ్రత గల నీటితో నాలుగవ వంతు నుంచి సగం వరకు నీటిని మార్చాలి. సగం నీరు మారిస్తే అమ్మోనియా సగమే తగ్గుతుంది కనుక మరునాడు మళ్ళీ కొలవాలి. ఈ దశలో చేయకూడని పనులు నాలుగు: వడపోత స్పాంజిని కుళాయి నీటిలో కడగడం, ఇసుకనంతా ఒకేసారి మార్చడం, చనిపోయిన చేపకు బదులుగా కొత్త చేపను తేవడం, కారణం తెలియకుండా మందు వేయడం. మొదటి రెండు పనులు పెరుగుతున్న బాక్టీరియాను నశింపజేస్తాయి. మూడవది అమ్మోనియా భారాన్ని పెంచుతుంది. మిథిలీన్ బ్లూ, కొన్ని యాంటీబయాటిక్‌లు నత్రీకరణ బాక్టీరియాకు హాని చేయగలవు. రాగి లవణాలు పరాన్నజీవులపై పనిచేసినా రొయ్యలు, నత్తలు వంటి వెన్నెముక లేని జీవులను చంపుతాయి. వాటిని విడితొట్టెలోనే, రాగి పరీక్షతో కొలుస్తూ వాడాలి.

6. నివారణ, బాధ్యత

చేపలు లేకుండానే తొట్టెను పక్వం చేయడం ఉత్తమ పద్ధతి. దీనికి ప్రయోగశాల స్థాయి అమ్మోనియం క్లోరైడ్ చాలు. లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని కావాలంటే 100 లీటర్లకు సుమారు 0.76 గ్రాములు సరిపోతుంది. వ్యవహారంలో నవాసాగరం అనే పేరుతో దొరికే బజారు సరుకులో మలినాలుండవచ్చు కనుక దానిని వాడరాదు. ఆరోగ్యకరమైన పాత తొట్టె నుంచి తెచ్చిన స్పాంజి ముక్క బాక్టీరియాకు విత్తనంగా పనిచేస్తుంది. వేసిన అమ్మోనియా 24 గంటలలో నైట్రేట్‌గా మారి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు చేరిన తర్వాతనే చేపను తేవాలి. ఆ తర్వాత కూడా ఒకటి రెండు చేపలతో ప్రారంభించి, కొత్తగా వచ్చే ప్రతి చేపను కొన్ని వారాలు విడితొట్టెలో పరిశీలించాలి.

విదేశీ గ్రంథాలు బాక్టీరియా కోసం పగడపు దిబ్బల నుంచి తెచ్చిన ‘సజీవ శిల’ను సూచిస్తాయి. భారతదేశంలో దిబ్బలు నిర్మించే పగడాలు, నీటిగుర్రాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటవ షెడ్యూలులో ఉన్నాయి. వాటిని సేకరించడం నేరం. కనుక ఇక్కడ రంధ్రాలున్న పింగాణీ ముక్కలు, శుభ్రం చేసిన పొడిరాయి వాడటమే మార్గం. చేపల విషయంలో కూడా పెంపకంలో పుట్టినవాటిని ఎంచుకోవడం సమంజసం. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం, విళింజం కేంద్రాలు క్లౌన్ చేపల ఉత్పత్తి పద్ధతులను రూపొందించాయి. దిబ్బ నుంచి పట్టిన చేప కొత్త తొట్టెలో చనిపోతే నష్టం యజమాని ఖర్చుతో ముగియదు. ఆ చేప స్థానంలో మరొక చేపను దిబ్బ నుంచే పట్టుకురావలసి వస్తుంది.

7. ముగింపు

పై చర్చ నుంచి తేలిన అంశాలు:

1. కొత్త ఉప్పునీటి తొట్టెలో తొలి వారాల మరణాలకు అమ్మోనియాను మొదట అనుమానించాలి. సముద్రపు నీటి అధిక పి.హెచ్. దాని విషప్రభావాన్ని పెంచుతుంది.

2. మరణ సమయం, వరుస, లక్షణాలను నమోదు చేస్తే అనుమానించవలసిన కారణాల సంఖ్య బాగా తగ్గుతుంది.

3. సబ్బవరం వంటి లోతట్టు ప్రాంతంలో ప్రతిసారీ తెచ్చిన నీటి లవణీయతను కొలవడం, విద్యుత్తు అంతరాయానికి సిద్ధంగా ఉండటం తప్పనిసరి.

4. నీటి పరీక్షకు ముందు మందు వాడటం కారణాన్ని కప్పిపుచ్చి, బాక్టీరియాకు హాని కలిగిస్తుంది.

5. చేపను తేవడానికి ముందు వేచి ఉండే 4 నుంచి 6 వారాలు వృథా కాలం కాదు. ఉప్పునీరు చేప బతకగల నీరుగా మారేది ఆ కాలంలోనే.